జారిన జీను

జూలై మూడో వారంలో ఒక ఉదయం, కనుమ దిగి ఒక తెల్ల కారు మా గుడారాల వైపు వచ్చింది. వేసవికి పుట్టింటికి వచ్చిన నేను చాప మీద పెరుగు ఉండలు ఎండబెడుతున్నాను. మా వదిన అనార్కుల్ ఆడగుర్రం పక్కన మోకాలి మీద కూర్చుని పాలు పితుకుతోంది. కారు ఆగింది. ముందు ఒక చేతికర్ర బయటికి వచ్చింది. తరవాత ఒక పెద్దమనిషి తన ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి నేలమీద పెట్టుకుని, తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

వదిన చేతిలో బకెట్టు ఒరిగింది. పాలు గడ్డిలోకి పోయాయి. ఆమె చూసుకోలేదు.

"చెవిపోగూ," అంది నా వైపు తిరగకుండానే. "ఆయనే."

మాలో కోడలు అత్తింటివాళ్ళను పేరు పెట్టి పిలవదు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆడపడుచులకి తనకు తోచిన ముద్దుపేరు పెట్టుకుంటుంది. నా అసలు పేరు కనీషాయ్. వదిన పెట్టిన పేరు చెవిపోగు. పదహారేళ్ళుగా సరదాలోనూ కోపంలోనూ అదే పేరు.

ఆ వచ్చినాయన జుమాదిల్. ఆయన ఎవరో ముందు చెప్పాలి.

సోంగ్-కుల్ సరస్సు చుట్టూ ఉన్న గుట్టలూ బండలూ మా వదినకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. మబ్బు ఏ గుట్ట మీద ఎంతసేపు కూర్చుంటే వడగళ్ళు పడతాయో, ఏ పూట ఏ ఒడ్డున నిలబడితే నీళ్ళు మూడు రంగుల్లో కనిపిస్తాయో ఆమె చెప్పగలదు. రాజధాని బిష్కెక్ నుంచే కాదు, సముద్రాలు దాటి కూడా ఆమె పేరు అడుగుతూ వచ్చేవాళ్ళు. మా అన్నయ్య తురాత్ గొర్రెల్ని చూసుకునేవాడు. వదిన అతిథుల్ని గుర్రాలమీద తిప్పేది. "నీ పెళ్ళాం దేశదేశాలవాళ్ళని మేపుతుంటే నువ్వింకా గొర్రెల్నే మేపుతున్నావా," అని ఎవరైనా వెక్కిరిస్తే, "గొర్రెలు ఎదురు ప్రశ్నలు వెయ్యవు, హాయి," అనేవాడు.

ఆరేళ్ళ కిందట జుమాదిల్, ఆయన భార్య షర్షెకుల్ ఇలాగే ఒక ఉదయం వచ్చారు. ఆయన బిష్కెక్‌లో కరెంటు తీగ కింద నడిచే ట్రాలీబస్సు నడిపేవాడు. ముప్ఫై ఏళ్ళుగా తీగ కింద తిరిగాననీ, తీగ లేని చోట ఒక్కరోజు తిరగాలని ఉందనీ అన్నాడు. మూడు చోట్లు చూడాలన్నారు. రాళ్ళపొయ్యి, కొంగల మడుగు, ఆఖరున గుర్రపుమెడ. గుర్రపుమెడ అంటే సరస్సుకి ఉత్తరాన ఉన్న పొడుగాటి గుట్ట. దాని నెత్తికెక్కితే సరస్సంతా ఒక్కచూపులో పడుతుంది.

ఆ రోజు గుర్రాలకి జీనులు వేసింది నేను. ఆయనకిచ్చిన బూడిదరంగు గుర్రానికి ఒక పాడు గుణం ఉండేది. పొట్టకింద పట్టీ బిగించేటప్పుడు గాలి పీల్చి పొట్ట ఉబ్బించేది. కాసేపాగి, అది గాలి వదిలాక, ఇంకోసారి బిగించాలి. లేకపోతే పట్టీ వదులై జీను పక్కకి తిరుగుతుంది. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాని ఆ రోజు రెండోసారి బిగించానో లేదో నాకు గుర్తులేదు. పెళ్ళి నిశ్చయమైన పిల్లని, మనసు ఎక్కడో ఉంది. చేతులు ఏం చేశాయో చూసుకోలేదు.

గుర్రపుమెడ కొస ఇంకా ఇరవై అడుగులుందనగా జీను ఆయనతో సహా పక్కకి జారిపోయింది. ఆయన రాళ్ళమీద పడ్డాడు. తుంటి విరిగింది. కాలు రెండుచోట్ల విరిగింది. ఎనిమిదిమంది మగవాళ్ళు ఉన్ని తివాచీ మీద పడుకోబెట్టి కిందికి మోసుకొచ్చారు. మా గుడారం ముందు షర్షెకుల్ వదిన భుజాలు పట్టుకుని ఊపేసింది.

"ఎవరు బిగించారు ఆ జీను? చెప్పండి, ఎవరు?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందే వదిన అంది. "నేను."

నాకు కాబోయే అత్తగారు అప్పటికి ఆ గుంపులోనే నిలబడి చూస్తోంది. సెప్టెంబరులో పెళ్ళి. ఒక మనిషిని చావు అంచుదాకా తీసుకెళ్ళిన పిల్ల అన్న పేరు నాకు రాకూడదని వదిన ఆ ఒక్కమాట అంది. దాన్ని ఆరేళ్ళు మోసింది.

షర్షెకుల్ తిట్టిన తిట్లు అవతలి ఒడ్డుదాకా వెళ్ళాయి. నీ చేతులు పడిపోను అంది. పట్నం నుంచి అతిథుల్ని పంపేవాళ్ళు చాలామంది మెల్లగా మానేశారు. వాళ్ళు మానకముందే వదిన మానేసింది. ఏ గుర్రం కదిలినా తనే వెళ్ళి పట్టీ మూడుసార్లు లాగి చూసేది తప్ప, తను మాత్రం సరస్సు ఉత్తరపు ఒడ్డుకి మళ్ళీ వెళ్ళలేదు. అన్నయ్య గొర్రెల్ని పక్కవాళ్ళకి అప్పగించి అతిథుల్ని తిప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి ఆ పని రాదు. "అది కొండ. ఇది నీళ్ళు," అని చెప్పి ఊరుకునేవాడు. పెళ్ళాన్ని ఒక్కమాటా అనలేదు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ బరువైంది.

నేను రెండుసార్లు నిజం చెప్పేస్తానన్నాను. పెళ్ళి ముందు ఒకసారి, నా కూతురు పుట్టాక ఒకసారి. "ఆ మాట మళ్ళీ ఎత్తావంటే నీ గడప తొక్కను," అంది వదిన. "అయిందేదో అయింది. నీకూ నాకూ తెలుసు, చాలు." అంటే ఆమె కూడా తప్పు నాదేనని నమ్మింది. నమ్మే నన్ను కాపాడింది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు.

ఇప్పుడు ఆ మనిషి కర్ర ఊతంతో మా వైపు నడిచి వస్తున్నాడు. గుండెమీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పాడు.

"బాగున్నావా చెల్లెమ్మా? గుర్తుపట్టావా?"

"గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను అన్నా," అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం పైబట్టలో దాచుకుంది. "లోపలికి రండి. టీ తాగుదురు."

కారు తోలుకొచ్చిన కుర్రాడు పట్నంవాడు. ఇంత ఎత్తుకి ఎప్పుడూ రాలేదట. తల పగిలిపోతోందంటూ గుడారంలో ఒక మూల ముడుచుకుని పడుకున్నాడు. మేం ముగ్గురం టీ గిన్నెల చుట్టూ కూర్చున్నాం. పశువులు బాగున్నాయా, గడ్డి బాగుందా, పిల్లలు ఏం చేస్తున్నారు అని ఆయన వరసగా అడిగాడు. వదిన వరసగా జవాబులు చెప్పింది. అసలు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన సంచీలోంచి ఒక గుడ్డమూట తీశాడు. విప్పితే ఆప్రికాట్లు. "మా ఆవిడ పంపింది. మా పెరటివే."

వదిన ఒక పండు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "విషం పెట్టలేదు కదా అన్నా?"

ఆయన నవ్వాడు. "ఆరేళ్ళ కిందటైతే పెట్టి ఉండేదే. ఇప్పుడు ఆ విషమంతా నాకే పోస్తోంది." తరవాత నవ్వు ఆపి గిన్నె కింద పెట్టాడు. "చెల్లెమ్మా, నేను ఆ మూడు చోట్లకీ మళ్ళీ వెళ్ళాలి. నువ్వే తీసుకెళ్ళాలి."

"నేనిప్పుడు తిప్పడం లేదు. మా ఆయన పిండి, టీ తేవడానికి కింద కొచ్‌కోర్ ఊరికి వెళ్ళాడు. సాయంత్రానికి వస్తాడు. రేపు ఆయన తీసుకెళ్తాడు."

"ఆయన వద్దు. నువ్వు."

"నావల్ల ఒకసారి పడ్డారు. చాల్లేదా?"

"నీతో ఒక మాట చెప్పాలి. ఇక్కడ టీ తాగుతూ చెప్పేది కాదు. అక్కడికెళ్ళి చెప్పాలి. ఆ రోజు చూడకుండా మిగిలింది కూడా చూడాలి. ఇంతదూరం మళ్ళీ మళ్ళీ రాలేను."

వదిన ముఖం మైదాపిండిలా అయింది. నా బుర్రలో రకరకాల ఆలోచనలు తిరిగాయి. కోర్టుకి వెళ్తున్నాడా? ఆ చోటికి తీసుకెళ్ళి, ఇక్కడే నువ్వు నన్ను పడేశావని ఆమె నోట అనిపిస్తాడా? అప్పుడే నిశ్చయించుకున్నాను. ఆయన ఆమెను ఏమైనా అనకముందే నేను చెప్పేయాలి.

"నేనూ వస్తాను," అన్నాను. "ముగ్గురం వెళ్దాం."

బయటికి వచ్చాక వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వెందుకు?"

"నీకు తోడు."

"తోడు రా. నోరు ఇంట్లో పెట్టి రా."

ఆ బూడిదరంగు గుర్రాన్ని అన్నయ్య ఎప్పుడో అమ్మేశాడు. వదిన ఆయనకోసం అన్నిటికంటే నెమ్మదైన గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. జీను తనే వేసింది, పట్టీ తనే బిగించింది, ఆగి మళ్ళీ బిగించింది, మూడోసారి లాగి చూసింది. ఆయన కర్ర మీద ఆని చూస్తున్నాడు.

"అంత బిగిస్తే దానికి ఊపిరాడుతుందా?"

"దాని ఊపిరి సంగతి నేను చూసుకుంటా. మీరు మీ ఊపిరి చూసుకోండి అన్నా."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. బండరాయి ఎక్కించి, కాలు ఎత్తి, మేమిద్దరం ఆయన్ని జీను మీద కూర్చోబెట్టాం.

రాళ్ళపొయ్యి మా గుడారాలకి గంట దూరం. నడుమెత్తు రాళ్ళు గుండ్రంగా పాతి ఉంటాయి. పాతకాలంలో ఒక వీరుడు తన సైన్యానికి మాంసం వండటానికి పేర్చిన పొయ్యి అంటారు. చుట్టూ కనుచూపుమేర గడ్డి, ఆ పైన నీళ్ళు, నీళ్ళ అవతల మంచు కొండలు. ఆయన దిగుతానన్నాడు. దింపాం. కర్ర పట్టుకుని ఒక్కో రాయి దగ్గరికీ వెళ్ళాడు. ఒక రాయి ముందు చాలాసేపు నిలబడి దానిమీద చెయ్యి వేశాడు. మా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా."

"ఊఁ?"

"ఈ రాళ్ళు ఎన్ని?"

వదిన నిట్టూర్చింది. "అవి ఎవరు లెక్కపెట్టినా ఒక రాయి తేడా వస్తుంది అన్నా."

అది ఆయన అడగాలనుకున్నది కాదని నాకు తెలిసింది. ఇదే అదను అనుకుని నేనూ ఒక అడుగు ముందుకేశాను. వదిన నా గుర్రం కళ్ళెం అందుకుని నా చేతిలో పెట్టింది. "ఎక్కు," అంది.

కొంగల మడుగు దగ్గర నీళ్ళు గడ్డిలోకి పాకి ఉంటాయి. నేలంతా ఉన్నిలాంటి తెల్లపూలు. కొంగల జంట ఒకటి పిల్లని మధ్యలో పెట్టుకుని నడుస్తోంది. మమ్మల్ని చూసి అవి ఎగరలేదు, నడక వేగం పెంచాయి, అంతే. అక్కడ దిగి రొట్టె, మీగడ, చల్లారిన గొర్రెమాంసం తిన్నాం. ఆయన తన సంగతులు చెప్పాడు. కాలు విరిగాక బండి నడపనివ్వలేదట. డిపోలో ఒక కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. వచ్చేపోయే బండ్లకి దారి చెబుతాడు.

"మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అలవాటైంది. చలికాలం కిటికీ దగ్గర పొయ్యి ఉంటుంది. డ్రైవర్లు నన్ను చూసి కుళ్ళుకుంటారు."

వదిన రొట్టె తుంచడం మానేసింది. ఆయన ఉద్యోగం పోయిందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

"అన్నా, ఆ రోజు..." అన్నాను.

"చెవిపోగూ, నీ గుర్రం నీళ్ళలోకి పోతోంది చూడు."

నా గుర్రం కదలకుండా గడ్డి మేస్తోంది. ఆయన నన్నూ వదిననీ మార్చి మార్చి చూశాడు.

గుర్రపుమెడ ఎక్కడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. గాలి లేచింది. దారి సన్నం. ఒకవైపు గడ్డి, ఒకవైపు రాళ్ళు. వదిన ముందు, ఆయన మధ్యలో, నేను వెనక. వదిన ఈ గుట్టకేసి చూసి ఆరేళ్ళయింది. పైకి పోయేకొద్దీ ఆమె వెన్ను కొయ్యలా బిగుసుకుపోవడం నాకు వెనకనుంచి కనిపిస్తోంది. కొస ఇంకా ఇరవై అడుగులుందనగా ఆమె గుర్రం ఆగిపోయింది. గుర్రం ఆగలేదు, ఆమే ఆపింది.

"ఇక్కడే కదా," అన్నాడు ఆయన.

వదిన తల ఊపింది. వెనక్కి తిరగలేదు.

ఇక ఆగలేకపోయాను. గుర్రం దిగి ఆయన రికాబు పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, ఆమెని ఏమీ అనకండి. ఆ రోజు జీను వేసింది నేను. ఆమె కాదు. నా పెళ్ళి చెడిపోతుందని తన నెత్తిన వేసుకుంది. ఆ గుర్రం పొట్ట ఉబ్బిస్తుంది, రెండుసార్లు బిగించాలి. నేను రెండోసారి బిగించలేదు. బిగించానో లేదో కూడా నాకు గుర్తులేదు. మీ కాలూ, మీ ఉద్యోగమూ నావల్లే పోయాయి. తిట్టాలంటే నన్ను తిట్టండి."

"చెవిపోగూ!" అంది వదిన. అది కేక కాదు, మూలుగు.

ఆయన నన్ను చూస్తూ ఉండిపోయాడు. "నువ్వా? ఆరేళ్ళూ నువ్వు ఇలా అనుకుంటున్నావా?"

"నేనే అన్నా."

"దించండి నన్ను," అన్నాడు. "కిందికి దించండి. దీనిమీద కూర్చుని చెప్పకూడదు."

దింపాం. ఆయన ఒక రాయిమీద కూర్చుని కర్రని మోకాళ్ళమీద అడ్డంగా పెట్టుకున్నాడు. మేమిద్దరం ఆయన ఎదురుగా నిలబడ్డాం.

"నువ్వు బాగానే బిగించావమ్మా. రెండుసార్లు బిగించావు. పట్టీ నాలుగో రంధ్రంలో ఉంది. అంత గట్టిగా ఉంది కాబట్టే విప్పడానికి నా వేళ్ళు నొప్పిపుట్టాయి. విప్పింది నేను."

వదిన ఒక అడుగు ముందుకేసింది.

"రాళ్ళపొయ్యి దగ్గర," అన్నాడు. "షర్షెకుల్‌కి తలనొప్పి వచ్చి వాంతులయ్యాయి. నువ్వు ఆమె తల పట్టుకుని ఉన్నావు చెల్లెమ్మా. నాకు తోచక గుర్రం దగ్గరికి వెళ్ళాను. మా తాత గుర్రాలు మేపేవాడు. దిగగానే పట్టీ వదులు చెయ్యిరా, దాన్ని ఊపిరి తీసుకోనియ్యి అనేవాడు. నలభై ఏళ్ళ తరవాత గుర్రమెక్కానేమో, అన్నీ తెలిసినవాడిలా వదులు చేశాను. మళ్ళీ బిగించడం మర్చిపోయాను. ఇందాక నేను చెయ్యి వేసిన రాయెక్కి నా అంతట నేనే గుర్రమెక్కి, పదండి అన్నాను. చదునులో జీను ఎలాగో నిలిచింది, ఈ ఎక్కుడులో జారింది."

"నేను చూడాల్సింది," అంది వదిన. "నడిపించేదాన్ని నేను. ఎక్కేముందు నేను చూడాల్సింది."

"నువ్వు అడిగావు. షర్షెకుల్‌ని ఒక చేత్తో పట్టుకునే అడిగావు. 'అన్నా, పట్టీ చూసుకున్నారా' అని. చూశానన్నాను."

"అడిగానా?"

"అడిగావు."

వదిన నా వైపు చూసింది. అడిగానంటావా అన్నట్టు. నేను ఆ రోజు వాళ్ళతో వెళ్ళలేదు, నాకేం తెలుసు. ఆరేళ్ళుగా తనని తాను తిట్టుకుంటూ, తను అడిగిన మాటనే మర్చిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు అన్నా?" అన్నాను. నా గొంతు గట్టిగానే లేచింది. "ఒక్క ఉత్తరం రాస్తే పోయేది కదా?"

"చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు తల్లీ. తెలివొచ్చేసరికి షర్షెకుల్ అందరితో చెప్పేసింది, గైడు తప్పని. ఆస్పత్రికి వచ్చినవాళ్ళంతా అయ్యో పాపం అన్నారు. నా బుద్ధితక్కువ వల్ల పడ్డానంటే ఎవరంటారు అయ్యో పాపమని? ఆ ఏడాది చెప్పలేదు. మరుసటేడు చెప్పడం ఇంకా కష్టమైంది. మొన్న ఐదు రోజుల కిందట మా మనవరాలు, సోంగ్-కుల్ తీసుకెళ్ళు తాతా అని గొడవచేసింది. షర్షెకుల్ మళ్ళీ మొదలెట్టింది, ఆ ఆడదాని చేతులు పడిపోయాయో లేదో అని. ఇక వినలేకపోయాను. చెప్పేశాను."

"ఏమంది?" అంది వదిన.

"రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు పెరట్లోకెళ్ళి ఆప్రికాట్లు కోసింది. 'వెళ్ళి ఆమెకి చెప్పు. చెప్పేదాకా ఇంటికి రాకు. నేను రాలేను, నా నోరు అన్న మాటలకి నాకే సిగ్గుగా ఉంది,' అంది."

వదిన నెమ్మదిగా గడ్డిలో కూర్చుంది. తలగుడ్డ విప్పి ఒళ్ళో వేసుకుంది. గాలికి జుట్టు చెదిరిపోయింది. నేను పక్కన కూర్చోబోతే చేత్తో ఆపింది. ఆయన తల దించుకుని కర్రని గోటితో గీరుతున్నాడు.

"తిట్టు చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "తిట్టించుకుందామనే వచ్చాను."

"ఉండండి అన్నా. కోపం వస్తుందేమోనని చూస్తున్నా. ముందు ఊపిరొస్తోంది."

ఆమె గట్టిగా గాలి పీల్చింది. వదిలింది. మళ్ళీ పీల్చింది. ఆమె భుజాలు కిందికి జారడం నేను చూశాను. ఆరేళ్ళలో ఆ భుజాలు అంత కిందికి దిగడం ఎప్పుడూ చూడలేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగి, తన పక్కన కూలేసింది.

"రెండుసార్లు బిగించావట," అంది.

"బిగించానట."

"నాలుగో రంధ్రమట."

"ఊఁ."

"మరి గుర్తుపెట్టుకోలేవా దరిద్రపు మొహమా," అని నా వీపుమీద ఒక్కటి చరిచింది. నొప్పిపుట్టింది. నేను ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది, అంతలోనే నవ్వింది. మేమిద్దరం ఒకరి తలకి ఒకరం తల ఆనించుకుని అలా నవ్వుతూ ఏడుస్తుంటే జుమాదిల్ ఏం చెయ్యాలో తోచక ఆడగుర్రం మెడ నిమురుతూ కూర్చున్నాడు.

కొంతసేపటికి వదిన కళ్ళు తుడుచుకుని లేచింది. "మీరు చేసింది మంచిపని కాదు అన్నా," అంది, కోపంగా కాదు, ఒక లెక్క సరిచేస్తున్నట్టు. "మా ఇంట్లో ఆరేళ్ళు ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అది మీకు తెలియాలి."

"తెలిసింది."

"కాని వచ్చారు. ఆ కాలేసుకుని వచ్చారు. అది కూడా నాకు తెలుస్తోంది." ఆయన చంక కింద చెయ్యి వేసింది. "లేవండి. ఇరవై అడుగులు మిగిలిపోయాయి."

ఆ ఇరవై అడుగులూ ముగ్గురం నడిచే ఎక్కాం. ఆయన ఒకవైపు వదినమీద, ఒకవైపు నామీద ఆని, మూడడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. కొస మీద గాలి మనుషుల్ని తోసేస్తోంది. సరస్సంతా కింద పరుచుకుని ఉంది. తూర్పున నీళ్ళు ఉక్కురంగులో, మధ్యలో నీలం, మా కాళ్ళకింద ఒడ్డు దగ్గర పచ్చగా ఉన్నాయి. గుడారాలు గడ్డిలో చల్లిన బియ్యపుగింజల్లా ఉన్నాయి. పడమటి కనుమ మీద వాన పడుతోంది. ఆ వాన కిందే ఒకచోట ఎండ కాస్తోంది.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తరవాత అడిగాడు. "ఆ చివర నల్లగా ఉన్నది ఏంటి?"

వదిన ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది. తరవాత మొదలుపెట్టింది. అది ఎడ్లబండ అంది. చలికాలం మంచుమీద గుర్రపుబళ్ళు తోలుకెళ్ళినప్పుడు దాన్ని చూసే దారి పట్టేవాళ్ళంది. దాని పక్క గుట్ట పేరు ముసలమ్మ ఒడి. అక్కడ గడ్డి ముందు పచ్చబడుతుంది, అందుకే కొత్తగా ఈనిన గొర్రెల్ని అక్కడికి తోలతారు. ఆ పక్కది, ఆ పైది, దాని వెనకది. ఆమె చెయ్యి ఒక గుట్టమీంచి ఇంకో గుట్టమీదికి పోతూనే ఉంది. ఆయన తల ఊపుతున్నాడు. నాకు తెలిసినవే అన్నీ. అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నాను.

వడగళ్ళు మమ్మల్ని కిందికి తరిమాయి. ఇల్లు చేరేసరికి తడిసి ముద్దయ్యాం. కారు కుర్రాడి తలనొప్పి తగ్గినట్టుంది, పొయ్యి ముందు కూర్చుని మా రొట్టెలన్నీ ఖాళీ చేస్తున్నాడు. పొద్దుండగానే అన్నయ్య పిండి బస్తాలతో వచ్చాడు. జుమాదిల్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జుమాదిల్ లేవలేక లేవలేక లేచి నిలబడి, మొదటినుంచీ అంతా అన్నయ్యకి మళ్ళీ చెప్పాడు. నా సంగతి నేను చెప్పాను. వదిన పులిసిన గుర్రప్పాలు గిన్నెల్లో పోసింది.

అన్నయ్య విన్నాడు. గిన్నె తీసుకుని జుమాదిల్ చేతిలో పెట్టి, "తాగండి," అన్నాడు. తరవాత వదిన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నేనొకమాట అడగాల్సింది," అన్నాడు. "ఆరేళ్ళలో ఒక్కసారైనా, ఏమైందో చెప్పమని అడగాల్సింది. అడిగితే నీకు బాధ అనుకున్నా."

"గొర్రెలు కావు కదా అడక్కుండా ఉండటానికి," అంది వదిన. అన్నయ్య నవ్వాడు. అందరం నవ్వాం. కారు కుర్రాడు ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

జుమాదిల్ ఆ రాత్రి మా దగ్గరే పడుకుని తెల్లవారగానే బయలుదేరాడు. వదిన ఆయన సంచీలో పెరుగు ఉండలూ, వెన్న ముద్దా పెట్టింది. "మనవరాల్ని తీసుకురండి. అక్కయ్యని కూడా. సిగ్గుపడుతూ ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభం?" అంది. కారు కనుమ ఎక్కి కనిపించకుండా పోయేదాకా నిలబడింది.

ఆ పూటే ఇద్దరు అతిథులు రావాల్సి ఉంది, ఎక్కడో దూరదేశంవాళ్ళు, మొగుడూ పెళ్ళాం. అన్నయ్య పొద్దున్నే చేతికర్ర అందుకుని పక్కవాళ్ళ మంద వైపు బయలుదేరాడు.

"నా గొర్రెల్ని నేను తెచ్చుకుంటున్నా," అన్నాడు. "వాళ్ళొస్తే ఎవరైనా తిప్పండి. నాకు ఆ కొండల పేర్లు రావు."

వదిన కొత్త తలగుడ్డ తీసి కట్టుకుంది. గుర్రాల దగ్గరికి వెళ్తూ నన్ను పిలిచింది.

"చెవిపోగూ, నాకు టైము లేదు. ఆ ఎర్రగుర్రానికి నువ్వు జీను వెయ్యి."

నేను వేశాను. ఆమె వచ్చి చూడలేదు.